టామరాక్ హిల్‌కి రెండో బ్రిడ్జి

టామరాక్ హిల్
1993 సెప్టెంబర్ 6

తమ్ముడూ ఓరిన్,

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేంటి అనుకుంటున్నావా? ఫోను వంటింట్లో మీ బావ డెల్మర్ కుర్చీ పక్కనే ఉంది. నేను చెప్పేది ఆయన చెవిన పడకూడదు. నువ్వు కూడా రాయి, ఫోన్ చేయకు.

డెల్మర్‌కి రెండు కిడ్నీలూ పోయాయని నీకు తెలుసు. సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్‌కి నది దాటి కార్‌వెల్ తీసుకెళ్లాలి. అది పెద్ద కష్టం కాదు, బ్రిడ్జే కష్టం. మన చిన్నప్పుడు రేడియోలో ఒక పాట అయ్యేలోపు అవతలి ఒడ్డున ఉండేవాళ్లం. ఇప్పుడు చూడు, బీట్‌దుంప పొలాలన్నీ ఇళ్లయిపోయాయి. ఇంటికి రెండు కార్లు. అందరికీ తాతల నాటి ఆ ఒక్క బ్రిడ్జే. పొద్దున వెళ్లేటప్పుడు ఆగిపోవడం ఒక ఎత్తు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆయన ఒళ్లంతా పీల్చేసినట్టుంటుంది, పిక్కలు పట్టేస్తాయి. ఐస్‌క్రీమ్ డబ్బా ఒళ్లో పెట్టుకుని అందులోనే కక్కుకుంటాడు. నేను స్టీరింగ్ పట్టుకుని ముందున్న లారీ వెనక భాగం చూస్తూ కూచుంటాను. మొన్న శుక్రవారం ఆయనేమన్నాడో తెలుసా? "నెడ్రా, నది మీద ఇంతసేపు ఊరికే కూచునే బదులు గాలం వేసుంటే రాత్రి కూరకి చేపలు దొరికేవి" అన్నాడు. నవ్వాను. నవ్వకపోతే ఏడుస్తానని ఆయనకి తెలిసిపోతుంది.

కార్‌వెల్ నగరం వాళ్లూ రాష్ట్రం వాళ్లూ కలిసి మా గుట్టకి ఏ దారి వెయ్యాలో తేల్చడానికి కమిటీ వేశారని, అందులో నువ్వున్నావని పేపర్లో చూశాను. అక్కకి ఒక్క మాట చెప్పలేదేం? పాత బ్రిడ్జి వెడల్పు చేస్తారో, బస్సులు వేస్తారో, కొత్త బ్రిడ్జి కడతారో అంటున్నారు. మాకు కొత్త బ్రిడ్జి కావాలి. పాతదాన్ని వెడల్పు చేస్తే పని జరిగే రెండేళ్లూ ఒక వైపే వదులుతారట. అప్పుడు నేనేం చేయాలి? నీకు చేతులెత్తి మొక్కుతాను, ఒక మాట వెయ్యి.

ఆయన మెట్లెక్కలేకపోతున్నాడు. కింది గది పక్కన బాత్రూమ్ కట్టించాలనుకుంటున్నాను. పక్కింటి మారిసెల్ మొగుడు చేసిపెడతానన్నాడు.

నీ అక్క,
నెడ్రా

*

బాయిసీ
1993 సెప్టెంబర్ 15

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను, తలుపు వేసుకుని. బావ గురించి చదివాక మధ్యాహ్నమంతా ఏ పనీ చేయలేకపోయాను.

కమిటీ సంగతి నేను మాట్లాడకూడదు. నువ్వు నా అక్కవని అక్కడ ఎవరికీ తెలియదు. నీది పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు కదా. నా చేతుల్లో ఏదో ఉందనుకోకు. పన్నెండు మందిలో నేనొకణ్ణి. సగం మంది నగరం వాళ్లు, సగం మంది మా రాష్ట్రం వాళ్లు. మా వాళ్లు అవునన్నది వాళ్లకి నచ్చదు, వాళ్లు అవునన్నది మాకు నచ్చదు.

ఒక్కటి మాత్రం చెప్తాను, తమ్ముడి మాట విను. బాత్రూమ్ పని ఈ ఏడాదికి పెట్టుకోకు. ఇంటి మీద కొత్తగా ఏమీ ఖర్చు చేయొద్దు, ఆగు. ఎందుకని మాత్రం అడక్కు.

పిల్లలు నిన్నూ బావనీ అడుగుతున్నారు.

ఓరిన్

*

టామరాక్ హిల్
1993 సెప్టెంబర్ 24

ఓరిన్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తప్పుగా చదివానేమోనని.

ఏడాది ఆగమంటావు. ఏడాది ఆగితే ఆ బాత్రూమ్ అవసరమే ఉండదనేగా? ఆయన ఉండడనేగా? అది చెప్పే ధైర్యం లేక "ఎందుకని అడక్కు" అని రాశావు. డాక్టరు కూడా నాతో అంత మాట అనలేదు. నా తమ్ముడు అన్నాడు.

బాత్రూమ్ పునాది నిన్ననే తవ్వారు. డెల్మర్ కుర్చీ వేసుకుని దగ్గరుండి చూశాడు. "ఆ గోడ ఇంకో అడుగు జరపండయ్యా, నేనేం సన్నగా లేను" అని వాళ్లతో పరాచికాలు. ఎన్నాళ్లకి ఆయన అలా ఆరుబయట కూచున్నాడో నీకు తెలుసా? తెలియదు. నువ్వు రావు కదా.

నెడ్రా

*

బాయిసీ
1993 అక్టోబర్ 8

అక్కా,

నేను అలా అనలేదు. బావ పోతాడని నేను కలలో కూడా అనుకోలేదు. నా మాటల్ని అలా ఎలా చదివావో నాకు అర్థం కావడం లేదు. కానీ నేననుకున్నదేంటో చెప్పలేను. చెప్పలేకపోవడం వల్లే ఇదంతా.

ఈ నెలాఖరున మీ హైస్కూల్ జిమ్‌లో, అదే ఆటల హాల్లో, ప్రజలతో మీటింగ్ ఉంది. నన్ను అక్కడ చూస్తే కోప్పడతావేమో, ముందే చెప్తున్నాను. ఇప్పటికి కమిటీ మొగ్గు వెడల్పు చేయడం వైపే ఉంది. ఆ మాట మీటింగ్‌లో చదవాల్సింది నేనే. బస్సులంటే నగరం వాళ్లకి ఇష్టం, కానీ బస్సు కూడా ఆ బ్రిడ్జి మీదే ఆగాలి కదా. కొత్త బ్రిడ్జికి చాలా ఏళ్లు పడుతుంది అక్కా. బావ దాని మీదుగా వెళ్తాడని ఆశ పెట్టుకోకు. అది మనసులో పెట్టుకుని దాని కోసం పోట్లాడకు.

దయచేసి నన్ను నమ్ము.

ఓరిన్

*

టామరాక్ హిల్
1993 నవంబర్ 17

ఓరిన్,

మీటింగ్‌లో నిన్ను చూశాను. స్టేజీ మీద ఎడం పక్క నుంచి రెండో కుర్చీ. నువ్వు మాత్రం నన్ను చూడలేదు, కాగితం మీంచి తలెత్తలేదు. "వెడల్పు చేయడం మేలు" అని చదువుతుంటే, నాన్న పోయినప్పుడు చర్చిలో చదివిన గొంతే వినిపించింది.

మారిసెల్ లేచి అడిగిన మాట విన్నావుగా. "నేను ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తాను. నా బిడ్డకి ఆస్తమా. సగం బ్రిడ్జి మూసేసిన రోజు వాడికి ఊపిరాడకపోతే నేను ఈదుకుంటూ వెళ్లాలా సార్?" అంది. నగరం ఆయన రాష్ట్రం ఆయన వైపు చూశాడు. రాష్ట్రం ఆయన నీళ్లు తాగాడు. ఆ తర్వాత బస్సుల గురించి రంగుల బొమ్మలు చూపించారు. వెనక వరసలో ఎవరో నవ్వారు కూడా.

మొన్న శుక్రవారం సంగతి చెప్తాను. మంచు గడ్డకట్టి బ్రిడ్జి మీద ఎవరో జారి రెయిలింగ్‌ని గుద్దారు. రెండు వైపులా ఆగిపోయాం. డెల్మర్ చేతికి సూది పెట్టిన చోట కట్టు ఊడిపోయింది. ఒక్కసారిగా రక్తం. తమ్ముడూ, ఆ రక్తం అలా వస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకున్నాను. ముందు కారు, వెనక కారు. హారన్ మోచేత్తో నొక్కాను. వెనక బీట్‌దుంపల లారీ అతను దిగొచ్చి తన మఫ్లర్ ఇచ్చాడు, గట్టిగా కట్టాడు. డెల్మర్ మొహం కాగితంలా అయిపోయింది. "కొత్త సీటు కవర్లు వేయించాలి నెడ్రా" అన్నాడు. కదిలే వరకూ నేను వేలు తీయలేదు. ఇంటికొచ్చాక ఆ చెయ్యి ముడుచుకోలేదు.

సెప్టెంబరులో నువ్వు రాసిన దాని గురించి ఇక మాట్లాడను. వదిలేశాను.

రిబ్బన్లు కట్టిన కర్రలు పట్టుకుని కొలతల వాళ్లు మా దొడ్లోకి వచ్చారు. చలిలో వణుకుతుంటే కాఫీ, నేను ఓవెన్‌లో చేసిన ఆపిల్ పై ఇచ్చి పంపాను.

నాకు కొత్త బ్రిడ్జి కావాలి. ఎవరి కాళ్లు పట్టుకోవాలో చెప్పు, పట్టుకుంటాను. వెడల్పు పనులు మొదలైతే నేను ఆయన్ని చంపుకున్నట్టే. బతిమాలుతున్నాను ఓరిన్. ఇలా ఎవరినీ బతిమాలలేదు.

నెడ్రా

*

బాయిసీ
1993 డిసెంబర్ 3

అక్కా,

ఇక దాచలేను. ఇది చదివి చింపేయి.

నువ్వు అడుగుతున్న బ్రిడ్జి నీ ఇంటి మీదుగా వస్తుంది. మీ వైపు ఒడ్డంతా నిట్టనిలువు రాయి. వాలు ఉన్నది మీ సందు చివరే. ఇంజనీర్లు ఎన్నిసార్లు గీసినా గీత మీ వంటింట్లోంచే పోతోంది. ఇల్లు, షెడ్డు, బావ నాటిన చెర్రీ చెట్లు, అన్నీ పోతాయి. అందుకే బాత్రూమ్ వద్దన్నాను. అందుకే వెడల్పు చేయమని నేను వాదించాను. మిగతా వాళ్లు ఊగుతుంటే నేనే పట్టుబట్టాను. నీ ఇల్లు నిలబెట్టాలని. నా అక్క ఇల్లని చెప్పకుండానే చేశాను. బయటపడితే నా ఉద్యోగం ఉండదు, సరే.

బావ ఆ ఇంట్లోనే పుట్టాడు. జబ్బు మనిషిని ఇప్పుడు అక్కణ్ణుంచి లేపితే ఏమవుతాడో నువ్వే ఆలోచించు. కొత్త బ్రిడ్జి అడగడం మానెయ్యి. నీ ఆరోగ్యం, ఆయన ఆరోగ్యం చూసుకో. నర్సుని ఇంటికి పంపే ఏర్పాటేదైనా ఉందేమో కనుక్కుంటాను.

నన్ను తిట్టుకో, కానీ అర్థం చేసుకో.

ఓరిన్

*

టామరాక్ హిల్
1993 డిసెంబర్ 9

ఓరిన్,

నీ ఉత్తరం డెల్మర్ చదివాడు.

నేను మారిసెల్ బిడ్డని చూసుకోవడానికి పక్కింటికి వెళ్లాను. ఎండ బాగుందని ఆయన కర్ర పట్టుకుని గేటు దాకా నడిచాడు. తనంతట తను పోస్టు తెచ్చుకోగలిగానని మురిసిపోదామనుకున్నాడేమో. నేనొచ్చేసరికి కవరు చింపి బల్ల మీద పెట్టుంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

"మీ తమ్ముడు మంచివాడే" అన్నాడు. అంతే. నిన్న బుధవారం. నేను కారు వేడెక్కించి వచ్చాను. ఆయన బూట్లు కూడా వేసుకోలేదు.

"నేను రాను నెడ్రా."

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. ఇంక రాను. బ్రిడ్జి నీకెందుకు కావాలి? నా కోసం. నేను వెళ్లకపోతే నీకు బ్రిడ్జితో పనేముంది? ఇల్లుంటుంది. నువ్వుంటావు."

అరిచాను. బల్ల మీదున్న గిన్నె విసిరేశాను. ఆయన అలాగే కూచున్నాడు. డాక్టరుకి ఫోన్ చేస్తే, మనిషి సొంత బుద్ధితో వద్దన్నప్పుడు బలవంతం చేయలేమన్నాడు. వారం, పది రోజులు అన్నాడు. ఫోను పట్టుకుని "ఏంటి పది రోజులు? ఏంటి పది రోజులు?" అని అడుగుతూనే ఉన్నాను.

నీకో సంగతి చెప్పాలి. ఇల్లు పోతుందని నాకు నవంబరులోనే తెలిసింది. ఆ కొలతల వాళ్లు ఆపిల్ పై తింటూ చెప్పేశారు, పాపం మొహమాటపడుతూ. నేను వాళ్లకి ఇంకో ముక్క పెట్టాను. తెలిసే నీకు ఆ ఉత్తరం రాశాను. తెలిసే బతిమాలాను. డెల్మర్‌కి ఒక్కడికే తెలియకూడదనుకున్నాను. అందుకే అప్పుడు కూడా ఫోన్ చేయకుండా ఉత్తరమే రాశాను.

వెంటనే బయల్దేరు. ఆ ఉత్తరం అబద్ధమని చెప్పు. గీత మారిందని చెప్పు. ఏదైనా చెప్పు. నువ్వు రాసిందే చదివాడు కాబట్టి నీ మాటే నమ్ముతాడు. నా మాట నమ్మడం లేదు. రా తమ్ముడూ.

నెడ్రా

*

బాయిసీ
1994 జనవరి 5

అక్కా,

అంత్యక్రియలయ్యాక నువ్వు నాతో మాట్లాడలేదు. చర్చి హాల్లో అందరికీ ఓవెన్‌లో వండిన బంగాళాదుంపల క్యాసరోల్ వడ్డిస్తూ నా ప్లేటు దగ్గరికి రాగానే గరిటె మారిసెల్ చేతికిచ్చి వెళ్లిపోయావు. నాకు తగిన శాస్తే.

నువ్వు రమ్మంటే వచ్చిన రోజు మంచం పక్కన బావతో ఏం మాట్లాడానో నువ్వు అడగలేదు. నువ్వు వాకిట్లో మంచు తోస్తున్నావు. గీత మారింది బావా, ఇల్లు పోదు, ఆసుపత్రికి రా అన్నాను. "ఓరిన్, నీకు చిన్నప్పటి నుంచీ అబద్ధం చెప్తే చెవులు ఎర్రబడతాయి" అన్నాడు. ఆ తర్వాత దుప్పటి సర్దమన్నాడు. మీ అక్కని అప్పుడప్పుడూ చూడటానికి రా అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి పదో తారీఖున ఆఖరి మీటింగ్. నగరం వాళ్లలో ఇద్దరు కొత్త బ్రిడ్జి వైపు తిరిగారు. చెరిసగం ఉన్నాం. నువ్వు వచ్చి ఆ ఇల్లు వదలనని చెప్తే చాలు, వాళ్లు వెనక్కి తగ్గుతారు. భర్తని పోగొట్టుకున్న మనిషి ఇల్లు కూల్చామనిపించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఇప్పుడు నేను నీ కోసం కాపాడగలిగింది ఆ ఇల్లొక్కటే. బావ కూడా అదే కోరుకున్నాడు. రా అక్కా. వద్దని చెప్పు.

ఓరిన్

*

బాయిసీ
1994 ఫిబ్రవరి 12

అక్కా,

జవాబు రాలేదు. కానీ నువ్వొచ్చావు.

నల్ల కోటు వేసుకుని మైకు దగ్గరికి నడుస్తుంటే, వద్దని చెప్పడానికే వస్తున్నావని నా గుండె కాస్త కుదుటపడింది. "ఆ సందు చివర ఇల్లు నాది. తీసుకోండి. బ్రిడ్జి కట్టండి. త్వరగా కట్టండి" అన్నావు. ఇంకేం చెప్పకుండానే వెళ్లిపోయావు. ఆ తర్వాత జరిగింది నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

ఛైర్మన్ నా వైపు తిరిగి, "ఓరిన్, వెడల్పు గురించి నువ్వేమైనా చెప్తావా?" అన్నాడు. లేచాను. చెప్పడానికి చాలా తయారుచేసుకున్నాను అక్కా. అవన్నీ వదిలేసి, "ఆవిడ మా అక్క" అన్నాను.

ఆయనకి మొదట అర్థం కాలేదు. "ఏమన్నావు?"

"ఆ ఇల్లు మా అక్కది. మొదటి నుంచీ తెలుసు. అందుకే వెడల్పు చేయమన్నాను. నా మాటలు లెక్కలోంచి తీసేయండి."

"ఈ ముక్క మొదట్లోనే చెప్పాలయ్యా" అన్నాడు. అరవలేదు. నన్ను బయటికి వెళ్లమన్నారు. ఆటల కప్పులు పెట్టిన అద్దాల బీరువా పక్కన నిలబడ్డాను. లోపల ఓటింగ్ జరిగింది. మారిసెల్ బయటికొచ్చి చెప్పింది, కొత్త బ్రిడ్జే గెలిచిందని. ఒక్క ఓటు తేడా. నేను లోపలుండి ఉంటే సమానమయ్యేది, మళ్లీ ఇంకో ఏడాది వాయిదా పడేది. ఆమె నన్ను చూసి నవ్వలేదు, తిట్టలేదు. "మీ అక్క కారులోనే కూచునుంది, ఇంకా వెళ్లలేదు" అంది.

నేను పార్కింగ్‌లోకి వచ్చాను. నీ కారు కనబడింది. లోపల నీ తల స్టీరింగ్ మీద వాలి ఉంది. రెండు కార్ల దూరంలో ఆగిపోయాను. దగ్గరికి రాలేకపోయాను.

ఆఫీసులో నన్ను రాజీనామా చేయమన్నారు. చేశాను. అది నీకు చెప్పాల్సిన సంగతి కాదు, అయినా రాశాను.

ఎందుకక్కా? బావ ఆ ఇంటి కోసమే ప్రాణం వదిలాడు. నువ్వు దాన్నే ఇచ్చేశావు. నాకు నిద్ర పట్టడం లేదు. ఒక్క మాట రాయి.

ఓరిన్

*

టామరాక్ హిల్
1994 మార్చి 20

ఓరిన్,

ఎందుకని అడిగావు. చెప్తాను.

జనవరిలో ఒక బుధవారం పొద్దున నిద్రలేచి కారు వేడెక్కించాను. దుప్పటి, ఐస్‌క్రీమ్ డబ్బా అన్నీ పెట్టుకున్నాను. బ్రిడ్జి దాకా వెళ్లాక పక్క సీటు చూసుకున్నాను. వెనక్కి తిప్పుకునే చోటు లేదు. అలాగే వరసలో కూచున్నాను. అంతలో వెనక అంబులెన్సు కూత పెట్టింది. అందరూ రెయిలింగ్ వైపు జరగాలని చూస్తున్నారు, ఎక్కడికి జరుగుతారు? నేను దిగాను. కారు కారుకీ వెళ్లి అద్దం తట్టి, పక్క అద్దాలు మడవండి, చక్రాలు తిప్పండి, ఇంకొంచెం, ఇంకొంచెం అని అరుచుకుంటూ నడిచాను. ఒకాయన "నువ్వెవరివమ్మా?" అన్నాడు. తర్వాతి కారు అద్దం తట్టాను. అంబులెన్సు నత్తలా పాకింది. వెనక కిటికీలోంచి ఒక ఆడమనిషి ఎవరి మీదో వంగి నొక్కి పట్టుకుని కనిపించింది. ఆ పట్టు నాకు తెలుసు. లోపలున్నదెవరో, బతికారో లేదో ఇప్పటికీ తెలియదు.

ఆ మనిషికి నేనేం చెప్పాలి? నా వంటిల్లు అడ్డొచ్చిందనా?

నువ్వు నా ఇల్లు నిలబెట్టాలనుకున్నావు. డెల్మర్ కూడా అదే అనుకున్నాడు. ఒకడు ఉద్యోగం పోగొట్టుకున్నాడు, ఒకడు ప్రాణం. ఇద్దరికీ నేనంటే ప్రాణమే, కాదనను. కానీ నెడ్రా, నీకేం కావాలి అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. అడిగుంటే చెప్పేదాన్ని. ఇంకొన్ని సాయంత్రాలు కావాలనేదాన్ని. బ్రిడ్జి మీద ఇరుక్కున్న సాయంత్రాలైనా సరే. ఆయన కక్కుకున్నా సరే, నేను డబ్బా పట్టుకునేదాన్ని. ఇల్లు ఎక్కడైనా దొరుకుతుంది.

నిన్ను క్షమించానని రాయమని మారిసెల్ అంటోంది. రాయలేకపోతున్నాను. కొన్ని రోజులు నిన్ను తలుచుకుంటే ఆ బల్ల మీద చింపిన కవరే కనిపిస్తుంది. కొన్ని రోజులు, చెవులు ఎర్రబడి మంచం పక్కన కూచున్న నువ్వు కనిపిస్తావు. అది చదివినప్పుడు ఏడ్చాను. డెల్మర్ పోయాక అదే మొదటిసారి.

ఏప్రిల్ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయాలి. కార్‌వెల్‌లో, నదికి అవతల, చిన్న అద్దె ఇల్లు చూసుకున్నాను. సామానంతా మారిసెల్ మొగుడు మోస్తానన్నాడు, కానీ ఇనప పొయ్యి ఒక్కడి వల్ల కాదు. శనివారం రా. మాట్లాడకపోయినా పర్వాలేదు, అవతలి పక్క పట్టుకో.

పెందలాడే బయల్దేరు. ఆలస్యమైతే బ్రిడ్జి మీద ఇరుక్కుంటావు.

అక్క